చీనీ తోటలో దుంగల ఇల్లు: పూత రెండుసార్లు ఎందుకు రాలిపోయింది

రాయలసీమలో దుంగల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కానీ ఎండకు నిలబడే చెక్క చాలానే ఉంది. తోటల్లో కాటేజీలు, వరండా స్తంభాలు, పెర్గోలాలు, టేకు తలవాకిళ్లు అన్నీ అందులోకే వస్తాయి. అన్నిటి మీదా పూత ఒకే తీరుగా చెడుతుంది, మరమ్మతులో జరిగే తప్పులూ అవే. అందుకే ఈ కేసు రాసి పెడుతున్నాం. యజమాని, ఊరు, వాడిన సరుకు కంపెనీల పేర్లు వదిలేశాం.

ఇంటి పూర్వాపరాలు

అనంతపురం జిల్లాలో ఒక చీనీ (బత్తాయి) తోట. అందులో 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పున రెండు గదుల ఇల్లు. గోడ ఎత్తు 9 అడుగులు. 8 అంగుళాల గుండ్రటి పైన్ దుంగలను మూలల్లో గాడి కోసి ఒకదాని మీద ఒకటి కరిపించారు. ఆ కొసలు గోడ దాటి అడుగున్నర బయటికి వచ్చి ఉన్నాయి. చూరు కూడా అడుగున్నరే. వాస్తు ప్రకారం వాకిలి, వరండా తూర్పుకు పెట్టారు. పడమటి వైపు 30 అడుగుల గోడకు చెట్టు నీడ కూడా లేదు.

కట్టి ఐదేళ్లు. లోపలి తలుపులకు పాలిష్ చేసే పనివాళ్లే బయటి గోడలకు రంగులేని పీయూ (పాలీయురెథేన్) వార్నిష్ రెండు కోట్లు వేశారు. రెండేళ్లకు పొట్టు లేచింది. పైపైన ఉప్పుకాగితం రుద్ది, వాల్‌నట్ రంగు స్టెయిన్ వార్నిష్ ఒక కోటు కొట్టారు. అది 14 నెలలు కూడా ఆగలేదు.

మరమ్మతుకు మమ్మల్ని పిలిపించినప్పుడు యజమాని అడిగింది ఒకటే: "కంపెనీ మార్చి ఇంగో కోటు కొడితే అయిపోదా అన్నా?"

ఏం కనిపించింది

నాలుగు గోడలు నాలుగు రకాలుగా ఉన్నాయి. వరండా కింది తూర్పు గోడ దాదాపు కొత్తదే. ఉత్తరం గోడ పైభాగం మెరుపు తగ్గి, వేలితో రాస్తే పొడి అంటుతోంది తప్ప పొట్టు లేవలేదు. దక్షిణం గోడ అక్కడక్కడ లేచింది. పడమటి గోడ చేప పొలుసులా రాలుతోంది. వాయవ్య మూలలో కింది రెండు వరసల దుంగలు నల్లబడి, వాటి మీద అడ్డంగా తెల్లటి ఉప్పు చారలు పడ్డాయి.

మామూలుగా చెప్పే పరీక్ష నీటి చుక్కది. చుక్క ముత్యంలా నిలిస్తే పూత బాగున్నట్టు, పది సెకన్లలో ఇంకితే పోయినట్టు. చెక్కలోకి ఇంకే నూనె స్టెయిన్‌కు ఇది చక్కగా పనిచేస్తుంది. పొరలా కూర్చునే వార్నిష్ దగ్గర మాత్రం మోసం చేస్తుంది. ఎందుకంటే చెక్క నుంచి విడిపోయి గాలిలో వేలాడుతున్న పొర మీద కూడా చుక్క ముత్యంలాగే నిలుస్తుంది. ఇక్కడ అదే జరిగింది. అందుకని బ్లేడుతో అడ్డదిడ్డంగా రెండు గీతలు గీసి, ప్యాకింగ్ టేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగాం. పడమర, దక్షిణాల్లో టేపుతో పాటు పొర వచ్చేసింది. తూర్పున రాలేదు.

ఈ కేసును తేల్చింది ఆ ఊడిన పెచ్చుల వెనక వైపు. చేతిలో తిప్పి చూస్తే పడమటి పెచ్చు రెండు పొరలుగా ఉంది. పైన ముదురు గోధుమ, కింద గాజులాంటి పాత పీయూ, దాని వీపున బూడిదరంగు నూగు. ఆ నూగు చెక్కదే. రంగులేని వార్నిష్‌లోంచి ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా చెక్కకు చేరతాయి. చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని అవి విరగ్గొడతాయి. పూత కంటే ముందు దాని కింది చెక్క చచ్చిపోతుంది. పూత ఆ చచ్చిన పోగులనే పట్టుకుని వాటితో పాటే ఊడిపోతుంది. అలాంటి పొర మీద ఎంత ఖరీదైన కోటు వేసినా, ఊడుతున్న సున్నం మీద మళ్లీ సున్నం కొట్టినట్టే.

వాయవ్య మూల పెచ్చు వేరు. దాని వీపున నూగు లేదు. నల్లగా ఉంది, వేలికి తేమ తగిలింది. అక్కడ నీళ్లు వెనక నుంచి వచ్చి పొరను తోసేశాయి.

అంటే ఒకే గోడలో రెండు రోగాలున్నాయి. ఒకటి ఎండ పని, ఇంకొకటి నీళ్ల పని. రెంటికీ మందు ఒకటి కాదు.

సూది తేమ మీటరు పెడితే పడమటి గోడ పైవరసల్లో 8–9 శాతం, మూలలోని కింది వరసలో 23 శాతం వచ్చింది. రోహిణి కార్తెలో, వడగాలులు కొట్టే రోజుల్లో 23 శాతమంటే ఎక్కడో నీళ్లు రోజూ తగులుతున్నట్టే. ఉప్పు పేరిన చెక్కలోనూ, చెద, కుళ్లు పట్టకుండా మందు ఎక్కించిన చెక్కలోనూ ఈ మీటరు కొంత ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి ఒక్క అంకెను నమ్మకుండా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాం. అన్నిచోట్లా గట్టిగానే ఉంది. మూలలో అట్టడుగు దుంగ కొస ఒక్కచోట మాత్రం అంగుళం లోతుకు దిగిపోయింది. చెదమట్టి ఎక్కడా లేదు. నలుపు మీద బ్లీచింగ్ ద్రావణం ఒక చుక్క వేస్తే కొన్ని మచ్చలు నిమిషంలో తేలిపోయాయి, అది బూజు. మేకుల చుట్టూ ఉన్న నలుపు కదల్లేదు. అది ఇనుము మరక, దానికి ఆక్సాలిక్ యాసిడ్ కావాలి.

నీళ్లు ఎక్కడివో తోట కాపలాదారు చెప్పాడు: "మోటరుకు ఆటో స్టార్టర్ పెట్టినారు కదన్నా. రాత్రి కరెంటు వచ్చినప్పుడల్లా పచ్చికకు పెట్టిన స్ప్రింక్లర్ తిరుగుతాది. తెల్లార్లూ ఆ మూలకు కొడతానే ఉంటాది." పగలు చూసినవాళ్లకు గోడ ఎప్పుడూ పొడిగానే కనిపిస్తుంది. దానికి తోడు, కట్టినప్పుడు అడుగున్నర ఉన్న పునాది గోడ పచ్చిక కోసం ఎర్రమట్టి పోయడంతో నాలుగు అంగుళాలే మిగిలింది. వాన చినుకులు మట్టిని చిమ్మి కింది దుంగల దాకా తెస్తున్నాయి.

ఎండ లెక్క

దుంగల ఇళ్ల మీద దొరికే సలహాలు ఎక్కువగా అమెరికావి. దక్షిణం గోడను కాచుకోండి అంటాయి. అక్కడ ఇళ్లు 40 డిగ్రీల అక్షాంశం చుట్టుపక్కల ఉంటాయి కాబట్టి ఆ మాట నిజమే. అనంతపురం 14.7 డిగ్రీల దగ్గరుంది. ఎండాకాలం నడినెత్తిన సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా ఉంటాడు, అప్పుడు అడుగున్నర చూరు నీడ గోడంతా కప్పేస్తుంది. మే నెలలో సాయంత్రం 4 గంటలకు సూర్యుడు సుమారు 36 డిగ్రీల ఎత్తున పడమర ఉంటాడు. అప్పుడు అదే చూరు కాపాడేది పైన అడుగు చిల్లర మాత్రమే. మిగతా ఎనిమిది అడుగుల గోడ మండుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 52 డిగ్రీల దగ్గర నిలుస్తాడు, అప్పుడు దక్షిణం గోడ వంతు. ఇక్కడ మొదటి శత్రువు పడమర, రెండోది దక్షిణం. మరమ్మతుల డబ్బంతా ఈ వరసలోనే ఖర్చు పెట్టాలని అప్పుడే తేల్చుకున్నాం.

అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. "ఇక్కడ వానెక్కడిది, చెక్క ఎందుకు చెడుతుంది" అనే మాట అందుకే వినిపిస్తుంది. ఎండ తలుపు తీస్తుంది, పడిన ఆ కొంచెం వానా అందులోంచి దూరుతుంది.

ఎప్పుడు చేయాలి

యజమాని దసరాలోపు కావాలన్నాడు. ఒప్పుకోలేదు. జూన్‌లో గోడ సలసల కాగుతుంటుంది. ఈ జిల్లాలో వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. చెక్క నగ్నం చేసి, ఆరబెట్టి, నూనె తాగించడానికి కనీసం మూడు వారాలు వానలేని చల్లటి రోజులు కావాలి. అవి డిసెంబరు రెండో వారం నుంచి దొరుకుతాయి.

"అంతవరకూ గోడ ఇట్లే వదిలేయాల్నా?" అన్నాడు. పాత పొట్టును అట్లాగే ఉంచి నీళ్లను మాత్రం ఆ రోజే ఆపించాం. స్ప్రింక్లర్‌ను గోడ నుంచి 12 అడుగుల దూరం జరిపి, ఎటు తిరిగినా గోడకు తగలకుండా కోణం బిగించాం. ఎర్రమట్టి తీసి పునాదిని మళ్లీ అడుగు పైకి తేల్చాం. గోడ వెంట రెండు అడుగుల వెడల్పున 20 ఎంఎం కంకర పరిచాం, చినుకు పడితే మట్టి చిమ్మదు. ఇంతకు మించి ఏమీ చేయకుండానే మూడు వారాలకు 23 శాతం కాస్తా 14కు దిగింది. ఆ సగం రోగానికి రంగు డబ్బాతో పనే లేకపోయింది.

చేసి చూసి వదిలేసినవి

దొరికిన ఆ ఐదు నెలలు నమూనాలు పెట్టి చూడటానికి వాడుకున్నాం. అదే పైన్ చెక్క ముక్కలకు మూడు రకాల పూతలు వేసి పడమటి గోడకే వేలాడదీశాం. యజమానికి చెక్క సహజమైన రంగు కనబడాలని ఆశ. రంగులేని నూనె ముక్క ఎనిమిది వారాలకే బూడిదకు తిరిగింది. ఉత్త అవిసె నూనె ముక్క జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టింది, సెప్టెంబరు ముసురుకు నల్ల బూజు ఎక్కింది. ఐరన్ ఆక్సైడ్ రంగు కలిసిన, చెక్క చారలు కనిపించేంత పలుచని నూనె స్టెయిన్ ముక్క నవంబరుకు కూడా చుక్కను ఒక నిమిషం పైనే ఆపింది. ఎండను అడ్డుకునేది ఆ రంగు రేణువులే. రంగులేకుండా ఉండి ఇక్కడి పడమటి ఎండకు తట్టుకునే పూత లేదని చెప్పడానికి ఆ మూడు ముక్కలు పక్కపక్కన చూపిస్తే చాలింది, వాదించే పని పడలేదు.

పాత పొర తీయడంలో మొదటి ప్రయత్నం కార్లు కడిగే ప్రెషర్ వాషర్. రెండు అడుగుల మేర కొట్టి ఆపేశాం. మెత్తటి పైన్ పోగులు లేచి గోడ గొర్రె బొచ్చులా అయింది. బోరు నీళ్లు ఆరాక తెల్లటి పొర మిగిలింది. రెండోది కాస్టిక్ సోడా కలిసిన పొట్టు తీసే మందు. పైనున్న వాల్‌నట్ పొర మెత్తబడింది కానీ కింది పీయూ చెక్కుచెదరలేదు. మందు తగిలిన చోట చెక్క ముదురు గోధుమకు తిరిగింది. ఇసుక బ్లాస్టింగ్ చేసేవాళ్లు ఉన్నారు, దాన్ని అడగనే లేదు. అది ఇనుముకు పనికొస్తుంది, పైన్‌లో మెత్తటి చారలను తవ్వేస్తుంది, పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

చివరికి మిగిలింది యంత్రంతో రుద్దడమే.

పని జరిగిన తీరు

వేగం తగ్గించుకునే వీలున్న 4 అంగుళాల గ్రైండర్‌కు 60 నంబరు ఫ్లాప్ డిస్క్ (ఉప్పుకాగితం రెక్కలున్న చక్రం) బిగించి పొర తీశాం. నెర్రెల్లో, దుంగల మధ్య గాడిలో నైలాన్ అబ్రేసివ్ బ్రష్ వాడాం. చివరి రుద్దుడు 80 నంబరుతో ఆపేశాం; నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. పాలిష్ పనివాళ్లతో పేచీ వచ్చింది ఇక్కడే. లోపలి తలుపులను 320 దాకా నునుపు చేయడం వాళ్ల పనితనం. బయటి గోడకు అదే దోషం, ఎందుకంటే నున్నటి చెక్క నూనె తాగదు. మొదటి పీయూ అంత త్వరగా వదిలేయడానికి ఆ నునుపూ కొంత కారణమే.

కోసిన చోట చెక్క లేత ఆకుపచ్చగా ఉంది. రాగి కలిసిన మందు ఎక్కించిన చెక్క అది. అలాంటి మందుల్లో ఆర్సెనిక్ ఉన్నవీ ఉంటాయి కాబట్టి ఉందనే అనుకుని పని చేయించాం. ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి చేశాం. కింద టార్పాలిన్ పరిచి పొడినంతా మూటగట్టాం. దాన్ని పొయ్యిలో గానీ, చెట్ల పాదుల్లో గానీ వేయొద్దని కూలీలకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రంపపు పొట్టు అనగానే మొక్కలకు మంచిదనే అలవాటు మరి.

ఇనుము మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపాం. ప్లాస్టిక్ బకెట్టు, రబ్బరు తొడుగులు వాడాలి. ఇది విషం. ఈ సీమ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ. అది ఆక్సాలిక్ యాసిడ్‌తో కలిస్తే నీళ్లలో కరగని తెల్లటి పొడి అవుతుంది. బకెట్టు పాలలా తయారవుతుంది, మందు బలం పోతుంది, గోడకు తెల్లమసక పడుతుంది. మూలలో ఒక అడుగు మేర మాకూ అదే అయింది, మళ్లీ రుద్దాల్సి వచ్చింది. ఆ తర్వాత కలపడానికీ, చివరి కడుగుడుకూ 20 లీటర్ల తాగునీటి క్యాన్లే తెప్పించాం. గోడలకు 14 క్యాన్లు పట్టాయి.

కుళ్లిన దుంగ కొసను గట్టి చెక్క తగిలేదాకా 14 అంగుళాలు కోసి అతుకు వేశాం. చూరు అంచుతో సమానంగా ఉన్న మిగతా కొసలను ఆరేసి అంగుళాలు తగ్గించాం. అడుగు మిగల్చకపోతే గాడి దగ్గర దుంగ చీలే ప్రమాదం ఉంది, అందుకే అంతకు మించి కోయలేదు. పడమటి చూరుకు రెండు అడుగుల రేకు సజ్జ అదనంగా దించాం. యజమానికి ఇది అందం చెడగొట్టినట్టే అనిపించింది. కానీ ఈ మొత్తం పనిలో ఒకటే చేసే వీలుంటే మా ఓటు ఆ సజ్జకే.

కొసల మీదా, కింది రెండు వరసల మీదా బోరేట్ ద్రావణం పూశాం. ఒక కిలో డైసోడియం ఆక్టాబోరేట్‌కు 9 లీటర్ల గోరువెచ్చని నీళ్లు కలిపి, తడి ఆరకముందే రెండోసారి పూయాలి. చెదకూ కుళ్లుకూ ఇది మందు. కానీ వానకు కరిగి పోతుంది కాబట్టి పైన నూనె పూత లేకపోతే వృథా. పైన తేలిన తెల్లటి పలుకులు తుడిచి, మీటరు 15 శాతం కిందికి వచ్చేదాకా మూడు రోజులు ఆగాం.

నూనె లెక్క ఇది. తూర్పు గోడ పొర గట్టిగా ఉంది, దాని మీద నూనె ఇంకదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. మూలలో రంగు తేడా కొంచెం కనిపిస్తుందని ముందే చెప్పాం. మిగిలిన మూడు గోడలు కలిపి 66 అడుగులు, 9 అడుగుల ఎత్తు అంటే 594 చదరపు అడుగులు. కిటికీలు తీసేస్తే 520. దుంగ గుండ్రం కాబట్టి 1.3తో హెచ్చిస్తే 676. గరుకు చెక్క మొదటి కోటుకు లీటరుకు 65 చదరపు అడుగులే తాగింది, అంటే పది లీటర్ల పైన. రెండో కోటుకు లీటరు 120 అడుగులు వచ్చింది, ఐదున్నర లీటర్లు. కొసలకు రెండు లీటర్లు. డబ్బాలన్నీ ఒకే డ్రమ్ములో కలిపేశాకే బ్రష్ ముంచాం. లేకపోతే డబ్బాకొక ఛాయ వస్తుంది.

పూతలో ఒక పొరపాటు జరిగింది. డిసెంబరు కదా, ఎండ లేదులే అని దక్షిణం గోడ ఉదయం 11 గంటలకు మొదలుపెట్టారు. ఆ నెలలో ఎండంతా ఆ గోడకే. నూనె చెక్కలోకి దిగకముందే పైన ఆరిపోయి, బ్రష్ ఆపిన ప్రతిచోటా ముదురు పట్టీలు పడ్డాయి. ఆ గోడ మళ్లీ 80తో రుద్దాం. తర్వాత పడమటి గోడను ఉదయం 7 నుంచి 11 దాకా, దక్షిణం గోడను సాయంత్రం 4 దాటాక చేశారు. చెక్క మీద థర్మామీటరు 35 డిగ్రీలు దాటితే ఆపేయమన్నాం. ఒకేసారి రెండు దుంగలను మాత్రమే ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆపకుండా తీసుకెళ్లాలి. 20 నిమిషాల తర్వాత పైన మెరుస్తున్న నూనెను గుడ్డతో తుడిచేయాలి. కొసలకు మాత్రం ఇక తాగనన్నంతవరకు తడి మీద తడి పూశాం, నాలుగైదుసార్లు పట్టింది. ఆ నూనె గుడ్డలను కుప్పగా పడేస్తే తమంతట తామే అంటుకుంటాయి. నీళ్ల బకెట్టులో ముంచి, తర్వాత ఒక్కొక్కటీ నేల మీద పరిచి ఆరబెట్టించాం.

నెర్రెలన్నీ పూడ్చలేదు. పైకి నోరు తెరిచి, 6 మిల్లీమీటర్ల కంటే వెడల్పున్నవే నీళ్లు పట్టి ఉంచుతాయి. కిందికి చూసేవాటిని మూస్తే లోపలి తేమకు దారి పోతుంది. మొదటి కోటు ఆరాక నెర్రెలో ఫోమ్ తాడు దూర్చి, పైన రంగు కలిసిన పీయూ సీలెంట్ నింపాం. మందం వెడల్పులో సగం. తాడు ఎందుకంటే సీలెంట్ రెండు పక్కలకే అంటుకుని, చెక్క వెడల్పయినప్పుడు రబ్బరులా సాగాలి. అడుగుకు కూడా అంటుకుంటే సాగలేక చిరుగుతుంది. సిలికాన్ వాడలేదు, దాని మీద ఏ స్టెయినూ నిలవదు.

18 నెలల తర్వాత

రెండో ఎండాకాలం దాటాక చూశాం. కింది వరస 11–12 శాతం దగ్గర నిలిచింది. ఎక్కడా పొట్టు లేదు. ఈ రకం నూనె పొట్టు లేవదు, మెల్లగా అరిగిపోతుంది. అందుకే గోడ చూడగానే చెడినట్టు తెలియదు, చుక్క వేసి చూడాల్సిందే. ఉత్తరాన చుక్క రెండు నిమిషాలు ఆగింది. పడమర సజ్జ కింది భాగంలో నిమిషంన్నర, నడుము ఎత్తు నుంచి కిందికి 40 సెకన్లు. అది 20 సెకన్లకు పడిపోకముందే, వచ్చే డిసెంబరులో పడమటి గోడ ఒక్కదానికి సబ్బు నీళ్లతో కడిగి ఒక కోటు వేయాలని రాసి ఇచ్చాం. రుద్దుడు అక్కర్లేదు, మూడు లీటర్లు సరిపోతుంది.

చెడిందొకటి ఉంది. నైరుతి మూలలో ఒక నెర్రె సీలెంట్ ఒక పక్క వదిలి 2 మిల్లీమీటర్ల సందు పడింది. కోసి తీస్తే లోపల ఫోమ్ తాడు లేదు. నెర్రె సన్నంగా ఉందని, తాడు దూరలేదని పనివాడు సీలెంట్ నేరుగా నింపేశాడు. నోటిని ఉలితో 8 మిల్లీమీటర్లకు వెడల్పు చేసి, తాడు పెట్టి మళ్లీ నింపాం.